పికప్‌లో జనరేటర్, వెనకాల క్యాంపర్: హోండా ఈయూ30ఐఎస్ ఎలా ఉంది

ముందే చెప్పేస్తున్నాను. క్యాంపర్‌లో ఏసీ వేసుకునే పడుకోవాలన్న పట్టుదల మీకు లేకపోతే ఈ జనరేటర్ కొనకండి. లైట్లకీ, ఫ్యానుకీ, ఫోన్లకీ, చిన్న ఫ్రిజ్‌కీ బ్యాటరీ చాలు. అరవై కిలోల ఇనుమును పికప్‌లోకి ఎత్తి, దించి, పెట్రోలు డబ్బాలు మోసి, పొగ ఎటు పోతోందో కాపలా కాసే పని ఎందుకు నెత్తిన వేసుకోవాలి? ఏసీ కావాల్సిందే అంటారా, అయితే చదవండి. నేను చూసినంతలో ఈ సైజులో ఇంత బుద్ధిగా నడిచే యంత్రం ఇంకోటి లేదు.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఏసీ కోచ్‌ల కరెంటు పని చేసి రిటైరైనవాణ్ని. ఉండేది మల్కాజిగిరి. బండీ, క్యాంపరూ నావి కావు, అల్లుడివి. బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, మన శ్రీసిటీలో తయారయ్యేదే. దాని వెనక తగిలించుకుని లాగే ఒంటి ఇరుసు క్యాంపర్. అల్లుడికి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాడంటే ఆదివారం రాత్రి దాకా ఊళ్ళో కనపడడు. "మామయ్యా, మీరు రైలుకే కరెంటు ఇచ్చారు, ఈ డబ్బాకి ఇవ్వలేరా" అని ఆ శాఖ నాకు అంటగట్టాడు. పొగిడి పని చేయించుకోవడంలో మా అమ్మాయిని మించినవాడు.

క్యాంపర్‌లో ఉన్నవి: ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, చిన్న ఫ్రిజ్, నీళ్ళ మోటారు, ఇండక్షన్ స్టవ్, మిక్సీ. మిక్సీ మా ఆవిడ షరతు. రోటి పచ్చడి లేని చోటికి తాను రానంది, రోలు మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి మిక్సీ వచ్చింది.

ఆ బ్యాటరీలో ఉండే మొత్తం కరెంటు సుమారు 1,280 వాట్ అవర్లు. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్‌తో రాత్రి సుఖంగా గడిచిపోతుంది. అదే ఏసీ పూర్తి ఊపులో ఉంటే వెయ్యి వాట్ల పైనే లాగుతుంది. అంటే గంటకో గంటంబావుకో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. కప్పు మీద సోలార్ పలకలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రాత్రి పదకొండింటికి వాటితో ఏం చేయమంటారు?

మొదటిసారి అల్లుడు టెంట్‌హౌస్ వాళ్ళ దగ్గర మామూలు ఓపెన్ జనరేటర్ కిరాయికి తెచ్చాడు. పెళ్ళి పందిళ్ళకి పెడతారే, అదే. కోటేపల్లి చెరువు గట్టు దగ్గర దాన్ని లాగి స్టార్ట్ చేస్తే కొంగలు లేచిపోయాయి. పక్కన టెంటు వేసుకున్న కుర్రాళ్ళు వచ్చి చాలా మర్యాదగా, "అంకుల్, ఎంతసేపు ఉంటుంది ఈ లొల్లి" అని అడిగారు. మర్యాదగా అడిగినందుకే ఎక్కువ సిగ్గేసింది. దాని వోల్టేజి కూడా స్థిరంగా లేదు. లైట్లు ఊగుతున్నాయి, ఏసీ బోర్డు ఎర్ర లైటు వేసి ఆగిపోయింది. ఇన్వర్టర్ ఏసీలో ఉండే ఎలక్ట్రానిక్ బోర్డుకి అలాంటి కరెంటు పడదు. ఇంజిన్ వేగం అటూ ఇటూ అయితే ఫ్రీక్వెన్సీ, వోల్టేజి రెండూ దాంతోపాటే ఊగుతాయి.

హోండా ఈయూ30ఐఎస్‌లో ఆ గొడవ లేదు. ఇందులో ఇంజిన్ నుంచి వచ్చిన కరెంటును ముందు బ్యాటరీలో ఉండేలాంటి డీసీ కరెంటు చేసి, మళ్ళీ ఎలక్ట్రానిక్స్‌తో ఇంటికొచ్చేలాంటి శుభ్రమైన ఆల్టర్నేటింగ్ కరెంటుగా మారుస్తారు. అందుకని ఇంజిన్ ఎంత వేగంతో తిరిగినా బయటికి వచ్చే ఫ్రీక్వెన్సీ మారదు. లోడు తక్కువైతే ఇంజినే నెమ్మదిస్తుంది. ఎకో స్విచ్ వేసి ఉంచితే, ఏసీ గది చల్లబరిచి తగ్గగానే ఇంజిన్ కూడా గొంతు తగ్గించడం వినిపిస్తుంది. లోపల ఉన్నది 196 సీసీ పెట్రోల్ ఇంజిన్. గరిష్ఠంగా 3 కేవీఏ, నిలకడగా 2.8 ఇస్తుంది, అంటే సుమారు 2,800 వాట్లు. ట్యాంకు 13 లీటర్లు. సెల్ఫ్ స్టార్ట్ ఉంది, దాని బ్యాటరీ డౌనైతే తాడు లాగి కూడా స్టార్ట్ చేయొచ్చు.

2.8 చాలా అని అందరూ అడిగేదే. రాణిగంజ్‌లో మేం కొన్న షాపతను కూడా "ఐదు కేవీఏ తీస్కోండి సార్, ఫికర్ ఉండదు" అని ఒకటే చెప్పాడు. ఐదు కేవీఏ తీసుకుంటే ఫికరంతా బరువులో ఉంటుంది. చూడాల్సింది ఏసీ రకం. పాత రకం ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుగా నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు అడుగుతుంది. అలాంటి టన్నున్నర ఏసీ అయితే ఈ జనరేటర్ ఓవర్‌లోడ్ లైటు వేసి చేతులు కట్టుకు కూర్చుంటుంది. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా మొదలెడుతుంది కాబట్టి ఒక టన్నుకి ఇది ఎక్కువే. కాకపోతే ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ ఫుల్ మీద పెట్టకూడదు. ఆ స్టవ్ ఒక్కటే రెండు వేల వాట్లు. అన్నం వండేటప్పుడు ఏసీ ఆపండి, లేదా స్టవ్ వెయ్యి మీద పెట్టుకోండి. పెద్ద లోడు వేసేముందు ఎకో స్విచ్ తీసేస్తే ఇంజిన్ ముందే వేగమందుకుని ఉంటుంది, తడబడదు. ఏ షాపులో కొన్నా అక్కడే రెండు హీటర్లు పెట్టించి నడిపించి చూడండి. మా షాపతను విసుక్కోకుండా పెట్టి చూపించాడు, ఆ మర్యాద దక్కాల్సిందే.

ధర సంగతి. ఆ డబ్బుతో మామూలు జనరేటర్లు రెండు వస్తాయి. మా ఆవిడ ఇదే మాట మూడు రకాలుగా చెప్పింది.

ఇక అసలు విషయం, దాన్ని ఎక్కడ పెట్టాలి. చాలామంది క్యాంపర్ కిందో, వెనక డిక్కీలాంటి పెట్టెలోనో బిగిస్తారు. నేను ససేమిరా అన్నాను. 2024 డిసెంబరులో కేరళలో, వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఫ్లోర్‌లో ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. రైల్వేలో కూడా ఏసీ రైళ్ళకి డీజిల్ జనరేటర్లను ప్రయాణికుల కోచ్‌ల కింద పెట్టలేదు. పవర్ కార్ అని విడి బోగీ చేసి, రైలుకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తగిలించేవాళ్ళు. ఇప్పుడు చాలా రైళ్ళకి ఆ కరెంటు ఇంజిన్ నుంచే వస్తోంది, అది వేరే కథ. పికప్ తొట్టిని నేను చూసింది ఆ కళ్ళతోనే. మనుషులు పడుకునే డబ్బా వేరు, ఇంజిన్ ఉండే బండి వేరు.

కానీ పికప్‌లో పెట్టేస్తే పనైపోలేదు. పికప్ తొట్టి తలుపు తెరుచుకునేది వెనక్కి. దాని వెనకే క్యాంపర్ మూతి, ఆ మూతికే కిటికీ. పొగ వచ్చే వైపు వెనక్కి తిప్పి పెడితే నేరుగా ఆ కిటికీలో ఊదినట్టే. మేం పక్కకి తిప్పి బిగించాం, డ్రైవరు వైపు కాకుండా రెండో వైపుకి, ఎందుకంటే క్యాంపర్ తలుపు డ్రైవరు వైపు ఉంది. రాత్రంతా నడపాలంటే ఇది కూడా చాలదు. బండిని క్యాంపర్ నుంచి విప్పి, గాలి వాలు చూసుకుని ఇరవై మీటర్లు ముందుకి తీసుకెళ్ళి ఆపుతాం. గాలి క్యాంపర్ మీంచి బండి వైపు వీయాలి. తిరగబడితే లేచి బండి జరుపుతాను. అల్లుడు గురకపెడతాడు.

క్యాంపర్ లోపల మంచం ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. కొనేటప్పుడు జాగ్రత్త, వంటగ్యాస్ లీకు అలారం వేరు, పొగ అలారం వేరు, ఇది వేరు. "గ్యాస్ అలారం ఉంది సార్" అంటూ మొదటిదాన్ని అంటగట్టేవాళ్ళు ఉన్నారు.

ఇరవై మీటర్ల కేబుల్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడండి. పది ఆంపియర్లు లాగినా పడిపోయేది మూడు వోల్టులే, ఏసీకి లెక్కలోది కాదు. ఇంట్లో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు. చుట్ట చుట్టలుగా ఉన్న కేబుల్ మీద లోడు వేస్తే వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరవండి.

నాలాంటి కరెంటు మనుషులకి ఇంకో మాట. ఈ జనరేటర్లలో న్యూట్రల్ ఎర్త్‌కి కలిసి ఉండదు, విడిగా తేలుతూ ఉంటుంది. క్యాంపర్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది కదా, షాక్ కొడితే కట్ చేస్తుందిలే అనుకుంటాం. అలా తేలుతున్న కరెంటు మీద అది పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఎర్త్ గుండా వెనక్కి వెళ్ళే దారి లేదు. తమాషా ఏమిటంటే టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం ఠక్కున పడుతుంది, ఆ బటన్‌కి ఎర్త్‌తో పని లేదు. దాన్ని చూసి మనం ధైర్యంగా ఉంటాం. నేను జనరేటర్ వైపు ప్లగ్గులోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపి, ఆ కేబుల్‌ని జనరేటర్‌కి మాత్రమే కేటాయించి రెండు కొసలా ఎర్ర టేపు చుట్టాను. దాన్ని ఇంటి కరెంటుకి తగిలించకూడదు. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, యూట్యూబు చూసి చేయొద్దు.

బిగింపు పని బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేయించాం. యాంగిల్ ఇనుముతో చట్రం, కింద రబ్బరు బుష్‌లు, పైన రెండు రాట్‌చెట్ బెల్టులు, గొలుసు, తాళం. జనరేటర్ ఎత్తే హ్యాండిళ్ళకి బెల్టు వేయబోయాడు షెడ్డు మేస్త్రీ. వద్దని అడుగు నుంచి వేయించాను, ఆ హ్యాండిళ్ళు ఎత్తడానికే, గుంతల్లో ఎగిరితే ఊడొస్తాయి. పని మంచిగానే చేశాడు, చెప్పిన రోజుకి ఇవ్వలేదు. బాలానగర్‌లో చెప్పిన రోజుకి ఎవరిచ్చారు గనక.

చట్రం తొట్టిలో ముందుకి, క్యాబిన్ గోడకి దగ్గరగా ఉండాలి. క్యాంపర్ కొక్కెం బరువు ఎలాగూ బండి వెనక చివర మీద పడుతుంది. పెట్రోలుతో కలిపి డెబ్బై కిలోలయ్యే దీన్ని కూడా డోరు పక్కనే పెడితే వెనక కుంగి, ముందు స్టీరింగ్ తేలిపోతుంది. తొట్టి మీద కవరు ఉన్నవాళ్ళు నడిపేటప్పుడు పూర్తిగా తీసేయండి. మూసిన తొట్టిలో అది తన వేడిగాలే తాను పీల్చుకుంటుంది. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో అసలే ఊపిరాడదు దానికి.

బండి వాలులో ఆపితే ఇంకో చిక్కు. ఆయిల్ తక్కువైతే ఇంజిన్ కట్ చేసే ఏర్పాటు ఇందులో ఉంది, మంచిదే. కానీ బాగా ఏటవాలుగా ఉంటే ఆయిల్ ఉన్నా లేదనుకుని ఆగిపోవచ్చు. సోమశిలలో కృష్ణ ఒడ్డున అర్ధరాత్రి అలాగే ఆగింది. అల్లుడు "కంపెనీ మాల్ కూడా ఇంతేనా మామయ్యా" అన్నాడు. రెండు చక్రాల కింద రాళ్ళు పెట్టి బండిని సమం చేస్తే మళ్ళీ పలికింది. యంత్రం తప్పు కాదు, నది ఒడ్డు తప్పు.

శబ్దం మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏడు మీటర్ల దూరంలో 50ల డెసిబెల్స్‌లోనే ఉంటుందని కంపెనీ లెక్క, నా చెవి దాన్ని ఒప్పుకుంది. ఇరవై మీటర్ల అవతల ఉంటే క్యాంపర్ లోపల మన ఏసీ చప్పుడే దీనికంటే ఎక్కువ. అయినా పక్కన మనుషులుంటే రాత్రి పది దాటాక ఆపేస్తాం. ఏడింటి నుంచి పది దాకా నడిపితే లోపలంతా చల్లబడుతుంది, బ్యాటరీ నిండుతుంది, మిగతా రాత్రి ఫ్యానుతో గడుస్తుంది. ఎవరూ లేని చోటైతే తెల్లవార్లూ నడుస్తుంది.

పెట్రోలు దగ్గర మాత్రం నాకు కొంచెం కుళ్ళు. వీ-క్రాస్ తాగేది డీజిల్, ఇది తాగేది పెట్రోలు. బండి కడుపు నిండా డీజిల్ ఉన్నా దీనికి చుక్క పనికిరాదు. ఈ సైజులో డీజిల్ జనరేటర్ తీసుకుంటే బరువు, అదురు రెండూ భరించలేం, అందుకే రాజీపడ్డాం. బంకుల్లో ప్లాస్టిక్ సీసాల్లో పోయరు, పోయకపోవడమే న్యాయం. గట్టి మూతున్న ఇనుప జెర్రీక్యాను కొనండి. అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల లోపు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని పెట్రోలియం చట్టం. మాకు ఒక్క ఇరవై లీటర్ల క్యాను చాలు. బంకులో క్యానును తొట్టిలోంచి కిందికి దింపి, నేల మీద పెట్టి పోయించుకోవాలి. ప్లాస్టిక్ లైనర్ వేసిన తొట్టిలోనే పోయిస్తే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. బంకు కుర్రాడు తొందరపెడతాడు, వినకండి.

ఖర్చు: రాత్రి చిన్న క్యాబిన్‌లో ఏసీ ఒకసారి చల్లబడ్డాక సగటున ఐదారు వందల వాట్లే లాగుతుంది. జనరేటర్‌కి అది పావు లోడు కంటే తక్కువే. ఎనిమిది గంటలకి ఐదారు లీటర్లు అవుతోంది మాకు. లీటరు 107 రూపాయలున్నప్పటి లెక్కన ఐదు వందల ముప్పై నుంచి ఆరు వందల నలభై దాకా. ఇంకొంచెం కలిపితే వికారాబాద్‌లో ఏసీ రూము వస్తుంది కదా అని మా ఆవిడ. ఆ మాట అల్లుడి ముందు అనదు, నాతోనే అంటుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. ఇంటికొచ్చాక పెట్రోలు వాల్వు కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపితే కార్బ్యురేటర్ ఖాళీ అవుతుంది. వానాకాలం అంతా బండి తీయకపోతే ట్యాంకు కూడా ఖాళీ చేయండి. మొదటి ఇరవై గంటలకి ఆయిల్ మార్చాలి, తర్వాత వంద గంటలకో ఆరునెలలకో. పట్టేది అర లీటరు పైచిలుకు, పెద్ద ఖర్చేం కాదు. మా సర్వీసు కుర్రాడు మల్కాజిగిరి ఇంటికే వచ్చి చేసి వెళ్ళాడు, టీ మాత్రం రెండుసార్లు తాగాడు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది బరువుకి. ఒక్కడి చేత కాదు, కచ్చితంగా ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకడు అరవై దాటినవాడైతే మూడోవాడు కూడా కావాలి. మీకు ఏసీ వద్దు, బ్యాటరీ చార్జింగూ మిక్సీయే చాలు అంటే ఇదే కంపెనీ ఈయూ22ఐ చూడండి, ఇరవై కిలోల చిల్లర, ఒంటి చేత్తో వస్తుంది.

బండి నడుస్తుండగా కూడా జనరేటర్ వేసి క్యాంపర్‌ని చల్లబరచొచ్చా అని అల్లుడి స్నేహితులు అడుగుతున్నారు, అందుకని అది కూడా. వద్దు. గుంతల్లో ఆయిలూ పెట్రోలూ కుదుపుకి చిమ్ముతాయి, కేబుల్ కొక్కెం దగ్గర నలుగుతుంది, ముందు బండి వదిలిన పొగంతా వెనక క్యాంపర్ మీదుగానే పోతుంది. దిగడానికి ముందు చివరి టీ కొట్టు దగ్గర ఆపి, వాల్వు తెరిచి, పావుగంట నడిపితే సరిపోతుంది. టీ తాగడానికి ఎలాగూ పావుగంట పడుతుంది మా వాళ్ళకి.